ఎప్పుడూ చదవని టీనేజ్ పిల్లలకి క్రైమ్ నవల ఎలా వెతకాలి

ఇంట్లో పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లో పిల్లాడో ఉన్నారు, టెక్స్ట్‌బుక్ తప్ప ఇంకో పుస్తకం ముట్టుకోరు, కానీ రాత్రి ఒంటిగంట దాకా దుప్పట్లో ఫోన్ పెట్టుకుని మర్డర్ మిస్టరీ సిరీస్‌లు వరసపెట్టి చూసేస్తున్నారు అంటే మీరు దిగులు పడక్కర్లేదు, సగం పని అయిపోయినట్టే. కథ కావాలి వాళ్ళకి, ఎవరు చంపారో తెలిసే దాకా నిద్ర పట్టట్లేదు, ఇంతకన్నా ఏం కావాలి. అడ్డం పడేదల్లా మొదటి ఇరవై పేజీలే. అవి దాటితే వాళ్ళే చదువుకుంటారు, దాటకపోతే ఎంత గొప్ప రచయిత పుస్తకమైనా అలమరాలోనే ఉండిపోతుంది. అందుకని మనం వెతకాల్సింది "మంచి క్రైమ్ నవల" కాదు, మొదటి ఇరవై పేజీలు మంచిగా ఉన్న క్రైమ్ నవల. ఈ రెండూ ఒకటి కాదని నాకు మా అక్క కొడుకు విషయంలోనే తెలిసొచ్చింది.

వాడు తొమ్మిదో క్లాస్‌లో ఉండగా పుట్టినరోజుకి షెర్లాక్ హోమ్స్ మొత్తం కథలు ఒకే పుస్తకంగా ఉన్నది కొనిచ్చాను, వెయ్యి పేజీల పైనే, చిన్న అక్షరాలు. "థాంక్స్ పిన్నీ" అని చాలా మర్యాదగా తీసుకున్నాడు. ఆరు నెలల తర్వాత వెళ్తే దాని మీద స్కూల్ బ్యాగ్ ఉంది, బ్యాగ్ తీసి చూస్తే మొదటి నవల పన్నెండో పేజీ దగ్గర బస్ టికెట్ పెట్టి ఉంది. అంటే మొదలుపెట్టాడు పాపం, ప్రయత్నం చేశాడు. నేనే తప్పు తలుపు దగ్గర నిలబెట్టాను వాణ్ని. అప్పట్నుంచి నేను చేస్తున్న పద్ధతి ఇది, వాడి తర్వాత ఇంకో నలుగురైదుగురు పిల్లల దగ్గర కూడా పనిచేసింది, మీరూ ఇదే వరసలో చేసి చూడండి.

ముందు ఏం చూస్తున్నారో కనుక్కోండి

"నీకెలాంటి పుస్తకాలు ఇష్టం?" అని మాత్రం అడక్కండి, చదవని పిల్లలకి అది ఎగ్జామ్ క్వశ్చన్ లాంటిది, "తెలీదు" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. "ఈ మధ్య చూసినవాటిలో ఏది మధ్యలో ఆపలేకపోయావు, అందులో ఏ ముక్క బాగా నచ్చింది" అని అడగండి, అన్నం తినేటప్పుడో బండి మీద ట్యూషన్‌కి దింపేటప్పుడో మామూలుగా అడగాలి. ఈ ప్రశ్నకి మాత్రం ఎంత సేపైనా చెప్తారు. ఆ చెప్పేదాంట్లోనే మీకు కావాల్సింది ఉంటుంది, కాస్త జాగ్రత్తగా వినండి.

ఎందుకంటే క్రైమ్ అనేది ఒక్క రకం కాదు. "చివర్లో వాడే హంతకుడని తెలిసినప్పుడు భలే ఉంది" అంటే ఆ పిల్లకి ఎవరు చేశారు అనే పజిల్ కావాలి. "దృశ్యం సినిమాలో పోలీసులకి దొరక్కుండా ఎలా తప్పించుకున్నాడో అది" అంటే, అక్కడ ఎవరు చేశారో మనకి ముందే తెలుసు కదా, ఆ పిల్లాడికి కావాల్సింది ఎత్తుకి పై ఎత్తు. "ఆ హీరో, వాడి పక్కనుండేవాడు, వాళ్ళ మధ్య మాటలు బాగుంటాయి" అంటే కేసు కన్నా మనుషులు ముఖ్యం, వాళ్ళకి ఒకే డిటెక్టివ్ ఉన్న సిరీస్ ఇవ్వాలి. కొంతమందికి కోడ్‌లు, సీక్రెట్ మెసేజ్‌లు, తాళం వేసిన గదిలో హత్య లాంటివి ఇష్టం, వీళ్ళు సాధారణంగా లెక్కల్లోనో గేమ్స్‌లోనో చురుగ్గా ఉంటారు. ఇంకొందరు నిజంగా జరిగిన కేసుల వీడియోలే చూస్తుంటారు, వాళ్ళకి కల్పిత కథ అనగానే ఆసక్తి పోతుంది, అలాంటివాళ్ళకి రిపోర్టులు, ఇంటర్వ్యూలు, ఫోన్ మెసేజ్‌ల రూపంలో రాసిన నవలలు ఉన్నాయి, అవి కింద చెప్తాను.

ఏ భాషలో చదవగలరో నిజాయితీగా చూడండి

ఇది చాలామంది పేరెంట్స్ దాటేస్తారు. మన పిల్లలు ఎక్కువమంది ఇంగ్లీష్ మీడియం, తెలుగు మాట్లాడతారు కానీ తెలుగులో ఒక పేజీ చదవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఇటు ఇంగ్లీష్ మార్కులు తొంభై వచ్చినా కథల ఇంగ్లీష్ అలవాటుండదు. రెండు భాషల్లో చెరో పేజీ ముందు పెట్టి, మీకు వినిపించాల్సిన పనిలేదు, మనసులోనే చదువుకోమనండి. ఒక పేజీలో అర్థం కాని మాటలు ఐదు దాటితే ఆ పుస్తకం ఇప్పటికి కాదు, అంతే. తర్వాత చదువుతారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని క్రైమ్ నవల చదివేవాళ్ళు ఎవరూ ఉండరు, హంతకుడు తలుపు తడుతుంటే మాట అర్థం ఎవరు వెతుకుతారు చెప్పండి.

లావు పుస్తకం వద్దు, మొదటి నవలే కావాలనీ వద్దు

నేను చేసిన తప్పు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సిరీస్ అంటే మొదటి పుస్తకంతోనే మొదలెట్టాలి అనుకుంటాం. హోమ్స్ మొదటి నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్', 1887లో వచ్చింది, ఖాళీ ఇంట్లో శవం, గోడ మీద రక్తంతో రాసిన మాట, మొదటి సగం బాగానే ఉంటుంది. కానీ సగంలోకి వచ్చేసరికి కథ ఉన్నట్టుండి అమెరికా ఎడారికి, ఎన్నో ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతుంది, కొన్ని చాప్టర్ల పాటు హోమ్స్ కనిపించడు. అలవాటున్న పాఠకుడైతే ఓపిక పడతాడు, చదవని పిల్లాడు వేరే పుస్తకం పేజీలు పొరపాటున కలిసిపోయాయేమో అనుకుని మూసేస్తాడు. 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' అద్భుతంగా ఉంటుంది కానీ అందులోనూ మధ్యలో చాలాసేపు హోమ్స్ ఉండడు, ఆయన స్నేహితుడు వాట్సన్ ఒక్కడే ఉంటాడు, రెండో మూడో పుస్తకంగా అయితే పర్లేదు.

మొత్తం హోమ్స్ నవలలు 4, చిన్న కథలు 56. మొదలెట్టాల్సింది చిన్న కథలతో. ఒక్కోటి ఇరవై ముప్పై పేజీలు, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది, "నేనొక కథ పూర్తి చేశాను" అనే సంతృప్తి మొదటి రోజే వస్తుంది, చదవని పిల్లలకి ఇది చాలా పెద్ద విషయం. నా ఓటు రెండిటికి. రక్తం, భయం వద్దనుకుంటే 'ది రెడ్ హెడెడ్ లీగ్', అందులో ఒక వ్యాపారికి కేవలం ఎర్ర జుట్టు ఉన్నందుకు ఉద్యోగమిచ్చి, వారానికి 4 పౌండ్లు జీతమిచ్చి, ఎన్‌సైక్లోపీడియా చూసి కాపీ రాయమంటారు, ఎందుకు రాయిస్తున్నారో ఎవరికీ అర్థం కాదు, ఆ "ఎందుకు" దగ్గరే పిల్లలు పట్టుబడిపోతారు. కాస్త భయం కావాలంటే 'ది స్పెకిల్డ్ బ్యాండ్'.

క్రిస్టీ ఇచ్చేటప్పుడు పేర్ల చీటీ కూడా ఇవ్వండి

అగాథా క్రిస్టీ అనగానే అందరూ 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' కొనిస్తారు. 1934 నాటి నవల, ముగింపు మామూలుగా ఉండదు, కాదనను, కానీ మొదలు నిదానం, ఆ రైలు బోగీలో ఉన్న పది పన్నెండు మందినీ డిటెక్టివ్ పోయిరో ఒకరి తర్వాత ఒకర్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతూ పోతాడు, కొత్తగా చదివేవాళ్ళకి అది బరువు. దానికన్నా 1939లో వచ్చిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్' మేలు. ఎవరో పిలిస్తే పదిమంది ఒక దీవికి చేరతారు, పిలిచినవాడు మాత్రం ఉండడు, రాత్రి భోజనాలయ్యాక గ్రామఫోన్ రికార్డులోంచి ఒక గొంతు వచ్చి మీలో ప్రతి ఒక్కరూ ఫలానావాళ్ళ చావుకి కారణం అని పేరుపేరునా చదువుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కరే పోతుంటారు. ఈ తరం పిల్లలకి ఈ ఆట రూల్స్ చెప్పక్కర్లేదు, ఫోన్‌లో ఆడే గేమ్‌లన్నీ ఇలాంటివే.

కాకపోతే ఒక చిక్కుంది. మొదటి చాప్టర్‌లోనే ఎనిమిదిమంది రైళ్ళలో కార్లలో వస్తూ వరసగా పరిచయమవుతారు, అన్నీ ఇంగ్లీష్ పేర్లు, అందులో జడ్జి ఎవరు డాక్టర్ ఎవరు ఎక్స్ పోలీస్ ఎవరు అని కలగాపులగం అయిపోతుంది, సరిగ్గా అక్కడే పుస్తకం పక్కన పెట్టేస్తారు. ఏం చేయాలంటే ఒక పోస్ట్‌కార్డ్ సైజు అట్టముక్క తీసుకుని పదిమంది పేర్లూ, పక్కనే ఒక్కో మాట రాయండి. వార్‌గ్రేవ్, రిటైర్డ్ జడ్జి. వెరా, టీచర్. ఆర్మ్‌స్ట్రాంగ్, డాక్టర్. బ్లోర్, మాజీ పోలీసు. ఇలా పదీ రాసి బుక్‌మార్క్‌లా లోపల పెట్టండి, పక్కన పెన్సిల్ ఇచ్చి ఎవరు పోతే వాళ్ళ పేరు కొట్టేసుకోమనండి. మా పక్కింటి అమ్మాయి ఆ అట్ట మీద తన అనుమానాలు కూడా రాసుకుంది, ఒకరి పేరు దగ్గర మూడు క్వశ్చన్ మార్కులు, తర్వాత రెండు కొట్టేసి, మళ్ళీ ఒకటి పెట్టి. ఆ అట్ట ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పిల్ల పుస్తకం తిరిగిచ్చింది కానీ అట్ట అడిగి తీసుకున్నాను.

వాళ్ళ వయసు పిల్లలే ఉన్న కథలు

కొంతమందికి పాత ఇంగ్లండ్, గుర్రబ్బళ్ళు, ఇవేమీ పడవు. అలాంటప్పుడు సత్యజిత్ రే రాసిన డిటెక్టివ్ ఫెలూదా కథలు చూడండి. 1965లో సందేశ్ అనే బెంగాలీ పిల్లల పత్రికలో మొదలయ్యాయి, పిల్లల కోసమే రాశారు కాబట్టి ఏ పేజీ తెరిచినా మీకు ఇబ్బంది ఉండదు, కథ చెప్పేది ఫెలూదా కజిన్ తోప్షే, వాడూ టీనేజ్ కుర్రాడే. డార్జిలింగ్, జైసల్మేర్, కాశీ, అన్నీ మన ఊళ్ళు, మన రైళ్ళు, మన తిండ్లు. ఇంగ్లీష్ అనువాదం చాలా తేలిక భాషలో ఉంటుంది. ఇంగ్లీష్ కథల ఇంగ్లీష్ కష్టమైన పిల్లలకి కూడా ఇది నడుస్తుంది, నేనైతే పన్నెండు పదమూడేళ్ళ వాళ్ళకి కళ్ళు మూసుకుని ఇదే ఇస్తాను.

ఇప్పటి స్కూల్ పిల్లల కథ కావాలంటే హాలీ జాక్సన్ 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్', 2019లో వచ్చింది. పిప్ అనే అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ కింద తన ఊళ్ళో ఐదేళ్ళ కింద మూసేసిన హత్య కేసుని మళ్ళీ తవ్వుతుంది. నేరం మోపింది సాల్ సింగ్ అనే భారతీయ మూలాలున్న అబ్బాయి మీద, అతని తమ్ముడు రవి ఈ పిల్లకి సాయం చేస్తాడు. ఇందాక చెప్పానే, నిజం కేసుల వీడియోలు చూసేవాళ్ళు, వాళ్ళకి ఇది సరిగ్గా సరిపోతుంది, ఇంటర్వ్యూ రికార్డింగులు, ప్రాజెక్ట్ లాగ్‌లు, అనుమానితుల లిస్ట్, మధ్యమధ్యలో ఇవన్నీ వస్తాయి, పేజీ చూడ్డానికి గళ్ళుగళ్ళుగా ఉంటుంది, పేరాగ్రాఫ్‌ల గోడ కనపడదు. కరెన్ మెక్‌మానస్ 'వన్ ఆఫ్ అజ్ ఈజ్ లయింగ్' 2017ది, స్కూల్లో పనిష్మెంట్ కింద ఐదుగురు ఒక గదిలో కూర్చుంటారు, అందులో ఒకడు చనిపోతాడు, మిగిలిన నలుగురూ వంతులవారీగా కథ చెప్తారు. రెండూ కాస్త లావే కానీ పరుగు ఉంటుంది.

లావు చూసే భయపడే పిల్లాడైతే మార్క్ హాడన్ 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్ టైమ్'. పక్కింటి కుక్కని ఎవరో చంపేస్తారు, పదిహేనేళ్ళ క్రిస్టఫర్ ఎవరో కనిపెట్టాలని బయల్దేరతాడు. చాప్టర్లకి ఒకటి రెండు మూడు అని నంబర్లుండవు, 2, 3, 5, 7, 11 అని ప్రైమ్ నంబర్లే ఉంటాయి, ఎందుకంటే వాడికి ప్రైమ్ నంబర్లంటే ఇష్టం. మధ్యలో బొమ్మలు, మ్యాపులు. బూతులు ఉంటాయి, ముందే చెప్తున్నా.

బొమ్మలుంటేనే చదువుతా అంటే 'డిటెక్టివ్ కోనన్' మాంగా, అంటే జపాన్ కామిక్స్, ఇవ్వండి, 1994 నుంచి వస్తోంది, వంద సంపుటాలు దాటింది, కుడి నుంచి ఎడమకి చదవాలని ముందే చెప్పండి. "అది పుస్తకమా" అని మాత్రం అనకండి. ఒక్కో కేసులో క్లూలన్నీ ముందే చూపించి తర్వాత విప్పుతారు, ఆ పద్ధతి కళ్ళకి అలవాటైతే నవల చదవడం సులువైపోతుంది.

దృశ్యం బ్యాచ్ ఉన్నారు కదా, పదహారు దాటినవాళ్ళైతే హిగాషినో కీగో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. చంపిందెవరో మొదట్లోనే తెలిసిపోతుంది, లెక్కల మాస్టారు ఒకాయన దాన్ని ఎలా కప్పెడతాడనేదే కథ. మాటలు తక్కువ, సూటిగా ఉంటుంది.

తెలుగులో అయితే

తెలుగు బాగా చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే మీ అదృష్టం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇవి మీ నాన్నగారో మామయ్యగారో అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివేసి తెల్లారి తిరిగిచ్చిన పుస్తకాలు, చాప్టర్లు చిన్నవి, వాక్యాలు చిన్నవి, మొదటి పేజీలోనే ఫోన్ మోగడమో తలుపు తట్టడమో ఉంటుంది. మధుబాబు గారి షాడో అయితే డిటెక్టివ్ కన్నా స్పై కథ, ఫైట్లు, పరుగులు, యాక్షన్ సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళకి. యండమూరి 'అభిలాష' కూడా మంచి ఎంపిక, ఉరిశిక్ష రద్దు చేయించాలని ఒక కుర్ర లాయర్ తనే కావాలని ఒక హత్య కేసులో ఇరుక్కుంటాడు, 1983లో చిరంజీవి గారితో సినిమాగా కూడా వచ్చింది, ముందు నవల చదివి తర్వాత సినిమా చూడమంటే పిల్లలు ఉత్సాహంగా చదువుతారు. హోమ్స్ కథలకీ తెలుగు అనువాదాలు ఉన్నాయి. ఒక్క మాట, పాత పాకెట్ నవలల్లో ఆడవాళ్ళ గురించి రాసిన తీరు అప్పటి కాలంది, కొన్నిటి అట్టలు కూడా అంతే, మీరు ఒకసారి తిరగేసి ఇవ్వండి.

తెలుగు చదవడం నెమ్మది అయినా వినడం ఇష్టం అయితే, ఇంట్లో తాతగారో అమ్మమ్మో ఉంటే రోజుకి ఒక చాప్టర్ చదివి వినిపించమనండి. యుగంధర్ పేరు చెప్తే చాలు, ఆ తరం వాళ్ళ కళ్ళు మెరుస్తాయి.

ఎక్కడ దొరుకుతాయి

ఒక్కటే కొనకండి, మూడు తెచ్చి పెట్టండి, వాళ్ళే ఏరుకోవాలి. మూడు కొత్తవి అంటే ఖర్చు కాబట్టి సెకండ్ హ్యాండ్‌కి వెళ్ళండి. హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద క్రిస్టీలు గుట్టలుగా ఉంటాయి, విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపులు. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబర్ ప్రాంతంలో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో జరుగుతాయి, పిల్లల్ని తీసుకెళ్ళండి కానీ మీరు రెండడుగులు వెనకే ఉండండి, చేతికి డబ్బులిచ్చి "నీ ఇష్టం" అనండి. వాళ్ళు అట్ట చూసి తీసుకున్నా సరే, తీసుకోనివ్వండి, అట్ట చూసి పుస్తకం తీసుకోవడం తప్పేం కాదు, అట్ట ఉన్నదే అందుకు. జిల్లా గ్రంథాలయాల్లో పాత తెలుగు డిటెక్టివ్ నవలలు ఇంకా కొన్ని ఉంటాయి, మెంబర్‌షిప్‌కి పెద్దగా ఖర్చవదు, లోపల అడిగి చూడండి.

హోమ్స్ కోసమైతే డబ్బే అక్కర్లేదు. అవి రాసిన డాయల్ 1930లో పోయారు, మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ వరకే హక్కులుంటాయి కాబట్టి అవి ఎప్పుడో అందరివీ అయిపోయాయి, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. ఒక్క కథ మాత్రమే తీసి, అక్షరాలు కాస్త పెద్దవి చేసి, ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించి ఇవ్వండి, నేను అలాగే చేశాను, పదిహేను కాగితాలు చూస్తే ఎవరూ భయపడరు. క్రిస్టీ 1976లో పోయారు కాబట్టి ఆవిడవి ఇక్కడ ఇంకా హక్కుల్లో ఉన్నాయి, వాట్సాప్‌లో టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లు తీసుకోకండి, పైగా ఫోన్‌లో పీడీఎఫ్ అంటే పైనుంచి నోటిఫికేషన్ ఒకటి రాగానే అక్కడికి ఎగిరిపోతారు, చదవని పిల్లలకి కాగితమే మంచిది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళైతే లోకల్ లైబ్రరీ కార్డ్ తీసుకుని లిబ్బీ యాప్ పెట్టండి, ఆడియోబుక్స్ కూడా ఫ్రీ. పుస్తకం చేతిలో పెట్టుకుని ఆడియో వింటూ చదివితే కొంతమంది పిల్లలకి చాలా బాగా పనిచేస్తుంది.

ఇచ్చే ముందు మీరు చూడాల్సింది

క్రైమ్ అన్నాక హత్య ఉంటుంది, దానికి భయపడితే ఈ పనే వద్దు. అసలు చూడాల్సింది డ్రగ్స్, లైంగిక హింస, ఆత్మహత్య, వీటిని ఎలా రాశారనేది. హాలీ జాక్సన్ మొదటి పుస్తకంలో డ్రగ్స్, లైంగిక దాడి ప్రస్తావన ఉన్నాయి, సిరీస్‌లో మూడోది మొదటిదానికన్నా చాలా చీకటిగా ఉంటుంది, మొదటిది నచ్చింది కదా అని పదమూడేళ్ళ పిల్లకి మూడూ ఒకేసారి కొనివ్వకండి. కుక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలుంటే హాడన్ పుస్తకం, జాక్సన్ మొదటి పుస్తకం రెండూ ఆలోచించి ఇవ్వండి. మీరు మొత్తం చదివే టైమ్ లేకపోతే కామన్ సెన్స్ మీడియా సైట్‌లో పుస్తకం పేరు కొడితే ఏ వయసుకి, అందులో ఏమేం ఉన్నాయి అని వివరంగా ఉంటుంది. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, లేదా పిల్ల మనసు బాగోలేకపోతే, హత్యలు వద్దు, దొంగతనం కేసులున్న కథలివ్వండి, హోమ్స్‌లో ఫెలూదాలో అలాంటివి చాలా ఉన్నాయి.

మొదటి ఇరవై పేజీలు మీరు దాటించండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది, కొని ఇచ్చి వదిలేస్తే కుదరదు.

ఒక ఎండాకాలం మేమందరం, మా అక్క కొడుకుతో సహా, తెనాలిలో అమ్మ దగ్గరున్నాం. సాయంత్రం గాలివానకి కరెంట్ పోయింది, తొమ్మిదైనా రాలేదు, ఇన్వర్టర్ కూడా కూసింది, మావాడి ఫోన్ నాలుగు శాతం. వసారాలో ఎమర్జెన్సీ లైట్ పెట్టుకుని 'ది స్పెకిల్డ్ బ్యాండ్' ప్రింట్ తీసిన కాగితాలు పట్టుకుని కూర్చున్నా, ఇంగ్లీష్‌లో చూస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున ఒకావిడ వణుకుతూ హోమ్స్ ఇంటికొస్తుంది, చలికా అంటే కాదు భయంతో అంటుంది. రెండేళ్ళ కింద వాళ్ళక్క పెళ్ళికి ముందు తాళం వేసుకున్న గదిలో ఉండగానే ఏదో జరిగి చచ్చిపోయింది, చనిపోయే ముందు రాత్రుళ్ళు ఎక్కడ్నుంచో సన్నగా ఈల వినిపించేది, ఇప్పుడు ఈవిడకి పెళ్ళి కుదిరింది, అదే గదిలో పడుకుంటోంది, నిన్న రాత్రి అదే ఈల. మావాడు మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నాడు, వింటున్నాడో లేదో తెలీదు. హోమ్స్ ఆ గదికి వెళ్ళి చూసే చోటికి వచ్చాను. పనివాళ్ళని పిలిచే గంట తాడు ఉంది, లాగితే గంట మోగదు, అసలు దేనికీ కట్టలేదు. గాలి కోసం కన్నం ఉంది, అది బయటికి కాదు, పక్క గదిలోకి. మంచం కాళ్ళు నేలకి బిగించి ఉన్నాయి.

అక్కడ ఆపేసి మంచినీళ్ళకి లేచాను.

"పిన్నీ, మంచం నేలకెందుకు బిగిస్తారు?"

"ఏమోరా, నువ్వే చెప్పు."

"జరపకుండా. ఆ మంచం అక్కడే ఉండాలి. ఎవరికో అది అక్కడే ఉండాలి పిన్నీ." లేచి కూర్చున్నాడు. "ఆ కాగితాలిలా ఇవ్వు."

మిగతా పేజీలు ఎమర్జెన్సీ లైట్ దగ్గరికి జరుపుకుని వాడే చదివాడు, మధ్యలో రెండు మాటలకి అర్థం అడిగాడు, అంతే. కరెంట్ వచ్చింది, ఫ్యాన్ తిరిగింది, ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టడానికి కూడా లేవలేదు.

మీరు చేయాల్సింది కూడా అదే. మొదటి ఏడెనిమిది పేజీలు మీరు చదివి వినిపించండి, లేదా కథలా చెప్పండి, పేర్లు, ఊరు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఈ కష్టమైన భాగం మీరు మోయండి. ప్రశ్న పుట్టే చోట ఆపండి. జవాబు దగ్గర కాదు, ప్రశ్న దగ్గర. ఎక్కడ ఆపాలో తెలియాలంటే ముందు రోజు మీరొకసారి చదువుకోవాలి, పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. కరెంట్ పోవడం మన చేతుల్లో లేదు కానీ రైలు ప్రయాణం, అమ్మమ్మ వాళ్ళ ఊరు, క్లినిక్‌లో టోకెన్ కోసం వెయిటింగ్, సిగ్నల్ సరిగా రాని చోట్లు ఇంకా ఉన్నాయి, బ్యాగ్‌లో ఒక కథ పెట్టుకోండి.

తర్వాత

ఇరవై పేజీల ఒప్పందం పెట్టుకోండి, ఇరవై చదివాక నచ్చకపోతే ఎందుకని కూడా అడగను, రెండోది తీసుకో అని. మాట మీద నిలబడండి. మూడూ నచ్చకపోతే మళ్ళీ మొదటి దగ్గరికి వెళ్ళి ఏం చూస్తున్నారో కనుక్కోవడమే, రకం తప్పు పట్టుకున్నామని అర్థం.

చివరి పేజీ ముందే చూసేస్తే తిట్టకండి, కొంతమంది పిల్లలు అలాగే చదువుతారు, ఎవరో తెలిశాక క్లూలు ఎక్కడ పెట్టారో వెతుక్కోవడం వాళ్ళకి ఇష్టం. కథలో నీతి ఏంటని అడక్కండి. చుట్టాల ముందు "మావాడు నవలలు చదువుతున్నాడండీ" అని చెప్పకండి, అది చాలా ఇబ్బంది వాళ్ళకి. పరీక్షల ముందు అదే పుస్తకం లాక్కుని దాచకండి, దాచాల్సి వస్తే ఎప్పుడు తిరిగిస్తారో తారీఖు చెప్పి దాచండి. మీరు అడగాల్సింది ఒక్కటే, "నీకెవరి మీద అనుమానం?" దానికి వాళ్ళు చెప్పేది తప్పని మీకు తెలిసినా మొహంలో కనపడనివ్వకండి.

ఒక పుస్తకం పూర్తయిన రోజునే రెండోది చేతిలో ఉండాలి, అదే రచయితది, అదే డిటెక్టివ్‌ది. వారం గ్యాప్ వస్తే మళ్ళీ ఫోనే. అందుకే మొదటిది సగం అవగానే రెండోది తెచ్చి దాచిపెట్టుకోండి.

మా అక్క కొడుకు ఇప్పుడు ఇంటర్ సెకండ్ ఇయర్, ఎంపీసీ, ఊపిరి తీసుకునే టైమ్ లేదు. పోయిన నెల ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వు అప్పుడిచ్చిన లావు పుస్తకం, హౌండ్ దాంట్లో ఉందా, విడిగా కొనుక్కోవాలా" అన్నాడు. దాంట్లోనే ఉందిరా, నీ అలమరాలో కింది అరలో చూడు అన్నాను.